మీ అమ్మ రావద్దంది

"నేనింక వెళ్ళను అమ్మమ్మా. చంపినా వెళ్ళను."

"వెళ్ళక? ఇక్కడ కూర్చుని నాతోపాటు చీపుళ్ళు కడతావా?"

"కడతాను. అమలాపురంలోనే డిగ్రీలో చేరతాను. విశాఖపట్నంలో పేరు పిలిచినప్పుడు 'ఆయ్' అన్నానని క్లాసంతా నవ్వేరు. ఇప్పుడు నా పేరే ఆయ్ అయిపోయింది."

"పెద్దవాళ్ళు పిలిస్తే ఆయ్ అనక కూయ్ అంటారా? నవ్వితే నవ్వనీ. పళ్ళు వాళ్ళవి."

ఇది నాకూ నా మనవరాలికీ జరిగిన తగువు. జరిగి చాలా ఏళ్ళయింది. ఆ సాయంత్రం నేను చేసిన పని ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు. గుండెల మీద రుబ్బురోలు పెట్టుకున్నట్టు మోస్తున్నాను. ఇంక మొయ్యలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పిల్ల నా దగ్గరే పెరిగింది. దాని తండ్రి లేడు. తల్లి, అంటే నా కూతురు, కువైట్‌లో ఒకరింట్లో పనికి వెళ్ళింది. పిల్లకి చిన్నప్పటి నుంచి సిగ్గు. చుట్టాలొస్తే తలుపు వెనక నుంచే మంచినీళ్ళు అందించేది. అలాంటిదానికి విశాఖపట్నంలో యూనివర్సిటీ సీటొచ్చింది. మొదటి ఏడాది దసరా సెలవులకి వచ్చేసరికి మనిషి సగమైంది. హాస్టల్లో అందరూ తినేసి వెళ్ళాక మెస్సుకి వెళుతుందట. ఏం మిగిలితే అదే తింటుందట. పేరు పిలిస్తే మళ్ళీ నవ్వుతారని భయమట. ఒక్కోరోజు నోరు పెగలక, క్లాసులో కూర్చుని కూడా రానట్టే రాయించుకుందట. చెబుతున్నంతసేపూ ఒక చీపురుపుల్లని ముక్కలు ముక్కలుగా విరుస్తూనే ఉంది. నేను చూశాను. చూడలేదని అనను.

తగువయ్యాక అది పెరట్లోకి వెళ్ళి ఏడుస్తుంటే, నేను వీధరుగు మీద కూర్చుని కూతురికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. నా కూతురు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అంత భయపడుతుంటే వచ్చెయ్యమనమ్మా. అమలాపురంలోనే చదువుకుంటుంది. దాన్ని తిట్టకు," అంది. ఫోన్ పిల్లకి ఇమ్మంది. స్నానానికి వెళ్ళిందన్నాను.

పెట్టేశాక పెరట్లోకి వెళ్ళాను.

"మీ అమ్మతో మాట్లాడేను. చదువు మానేసి రావద్దంది. వెళ్ళి తీరాలంది. ఎవరి కోసం ఇక్కడ చాకిరీ చేస్తున్నాననుకుంటోంది అని అరిచింది. ఈ మాట మళ్ళీ తన దగ్గర ఎత్తొద్దంది."

పిల్ల నా ముఖంలోకి చూసింది. "ఆయ్," అంది.

మా వైపు ఆ మాట పెద్దలతో, పరాయివాళ్ళతో అంటాం. మీరు చెప్పింది విన్నామని. మనసులో ఒప్పుకున్నామని కాదు. నాతో అదెప్పుడూ "ఊఁ" అనేది, లేకపోతే ఎదురు తిరిగేది. ఆ ఒక్క మాటతో నన్ను పరాయిదాన్ని చేసింది. ఏ పాపమూ ఎరగని తల్లినీ పరాయిదాన్నే చేసింది. ఆ సంగతి నాకు అక్కడే, అప్పుడే తెలిసింది. అయినా నోరు విప్పలేదు.

ఎందుకు చేశాను? మూడో తరగతిలో పంతులుగారి బెత్తానికి భయపడి నేను బడికి వెళ్ళనంటే, మా నాన్న సరే మానెయ్యమన్నాడు. ఆయన అన్న ఆ 'సరే'ని బతుకంతా తిట్టుకున్నాను. ఆ సాయంత్రం అది గుర్తొచ్చిందా? వచ్చింది. కానీ అదొక్కటేనా? రాలిన కొబ్బరాకునైనా పారెయ్యకుండా ఈనెలు తీసి చీపురు కట్టే మనిషిని, చేతికొచ్చిన సీటు వృథా పోతుందంటే ఓర్చుకోలేకపోయానేమో. పిల్ల కన్నా సీటే ఎక్కువైందా నాకు? ఎంత తవ్వుకున్నా తేలదు. ఆ ఏడాదంతా ఫోన్ మోగితే చాలు, దేవుడికి దణ్ణం పెట్టుకుని తీసేదాన్ని. పిల్ల ఏమైనా చేసుకుందన్న కబురేమోనని.

ఏమీ చేసుకోలేదు. చదివింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ముసలమ్మ గట్టిది కాబట్టే పిల్ల పైకొచ్చిందని ఊళ్ళో అంటారు. ఆ మాట ఎత్తితే నేను లేచి లోపలికి వెళ్ళిపోతాను. పిల్ల తనంతట తాను తల్లికి ఫోన్ చెయ్యదు. తల్లి చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది. "దానికి నా మీద ఏం కోపమమ్మా?" అని నా కూతురు ఎన్నిసార్లు అడిగిందో. చదువుకున్న పిల్లలు అంతేనే అని సర్దిచెబుతూ వచ్చాను.

ఇప్పుడు నా కూతురు కువైట్ నుంచి పూర్తిగా వచ్చేస్తోంది. పిల్ల కూడా సెలవు పెట్టి వస్తానంది. ఇద్దరూ ఒకే వంటింట్లో కూర్చుంటారు. ఏ కూర తరుగుతూనో, ఏదో మాట మీద ఆ సాయంత్రం బయటపడుతుంది. అంతకు ముందే నేను చెప్పాలి. చెప్పగలనా? తెలియదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. మీకైతే చెప్పాను. అంతమేరకు ఊపిరి ఆడుతోంది.

ఇంకొక్కటి మిగిలింది. ఆ తగువైన మర్నాడు పొద్దున్న వాన. పిల్లని ఆటోలో అమలాపురం బస్టాండుకి తీసుకెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుంది. టిఫిను డబ్బా అందిస్తే తీసుకుంది. నా వైపు చూడలేదు. బస్సు వెళ్ళిపోయాక అక్కడే గొడుగు కింద నిలబడి కూతురికి ఫోన్ చేశాను.

"దాని మనసు మారిందే. నవ్వుతూ బస్సెక్కింది," అన్నాను.

"నిజంగానా అమ్మా?" అంది.

"నిజమే," అన్నాను.