మాటలే కదా, వడ్డించేద్దాం

నా ప్రసంగం రేడియోలో వచ్చే సాయంత్రం కాకినాడలో మా ఇంట్లో నాన్నగారు ఫోన్లో రేడియో పెట్టి, దాన్ని స్పీకరుకి కలిపి, పక్కింటి మాస్టారు దంపతుల్ని పిలిచారు. ఆరున్నరకి వీణ కచేరీ, ఏడింటికి నా ప్రసంగం, ఆ తరవాత కవిసమ్మేళనం. పది నిమిషాల ప్రసంగం కోసం నెల్లాళ్లు కుస్తీ పట్టి, ముందువారమే స్టేషన్లో రికార్డు చేసి వచ్చాను. అందులో ఉన్నదంతా మా అమ్మే. తినకుండా ఎవరినీ గడప దాటనివ్వని మనిషి. ఆ సంగతి ఆవిడకి ముందుగా చెప్పలేదు. ఎవరు విన్నా వినకపోయినా ఆవిడ వినాలని నా ఆశ.

వీణ మొదలైంది. అమ్మ కొంగు నిండుగా కప్పుకుని గోడవారన కూర్చుంది. మాస్టారు దగ్గబోతే, "కచేరీ అవుతోందండి" అని మందలించింది కూడా. అరగంటసేపు ఇంట్లో చెంచా చప్పుడైనా లేదు. నా వంతు వచ్చినప్పుడు కూడా ఇలాగే వింటుందని లోలోపల మురిసిపోయాను.

వీణ ఆగింది. అనౌన్సరు నా పేరు చెప్పింది. అమ్మ చటుక్కున లేచింది.

"హమ్మయ్య, సంగీతం అయిపోయింది. ఇక మాటలే కదా, వడ్డించేస్తాను."

అలా నా ప్రసంగం గారెల మధ్య సాగింది.

"ఇంకొక్కటి వేసుకోండి."

"వద్దండి, చాలండి," అన్నారు మాస్టారు.

"అలాగంటే ఎలాగండి? పోనీ పచ్చడైనా వేయించుకోండి."

స్పీకర్లో నేనూ సరిగ్గా ఆ మాటలే చెబుతున్నాను. పక్కన అసలు మనిషి గొంతు ముందు నా గొంతు ఏ మూలకి!

"అమ్మా, ఒక్క నిమిషం కూర్చో!" అన్నాను.

"వాళ్ల ప్లేట్లు ఖాళీగా ఉంటే నేను కూర్చోవడం ఏంటిరా!" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ప్రసంగం ముగిసింది. మాస్టారు నోట్లో గారెతోనే, "అద్భుతంగా మాట్లాడావయ్యా" అన్నారు. దేని గురించని నేను అడగలేదు. ఆయన పరువు కాపాడాను.

వాళ్లు వెళ్లాక అమ్మ మిగిలిన గారెలు పెట్టుకుని వంటింట్లో కూర్చుంది. "ఇంతకీ ఏం చెప్పావురా?" అంది.

కోపంగానే ఎదురుగా కూర్చుని మొదటినుంచీ అప్పజెప్పాను. పారిపోబోయిన చుట్టాన్ని వీధిలోంచి వెనక్కి తెచ్చి తినిపించిన ఘట్టానికి పగలబడి నవ్వింది. చివరి మాటకి వచ్చాను. "మా అమ్మ వేడివేడిగా తినగా నేను ఇంతవరకూ చూడలేదు."

నవ్వు ఆగింది. "అదీ చెప్పావా? అందరూ విన్నారా?"

"మనింట్లో ఉన్నవాళ్లు తప్ప అందరూ విన్నారమ్మా."

చేతిలో గారె పళ్లెంలో పెట్టేసింది.

"ఆ చివరి ముక్క ఇంకోసారి చెప్పు," అంది.