సత్తిబాబు ఎడమ కాలు

2022 వానాకాలం. రాజమండ్రిలో హైవే పక్కన నేను ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లయింది. ఇంజను పని నా దగ్గర ఉండదు. వైరింగు, సెన్సార్లు, స్టార్టర్లు, ఈ మధ్య బళ్లలో వస్తున్న కంప్యూటర్ల గొడవలు నా వంతు. ఇన్నేళ్లలో నన్ను బాగా తిప్పలు పెట్టిన బండి ఏదంటే పన్నెండేళ్ల నాటి ఒక డీజిల్ బండి గురించే చెబుతాను. తిప్పలు పెట్టింది నిజానికి బండి కాదు, నా తలబిరుసు.

ఆ బండి ఆలమూరు దగ్గర కొబ్బరి తోటలున్న భాస్కరరావు గారిది. ఆయన భార్య సావిత్రి గారికి ఆ ఏడాదే కాలికి ఆపరేషన్ అయింది. వారానికోసారి విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లి రావాలి. తీసుకెళ్లేది సత్తిబాబు. కాకినాడ అవతల సముద్రం ఒడ్డున వేటకెళ్లే కుటుంబంలో పుట్టి, పాతికేళ్లుగా వాళ్లింట్లో డ్రైవరుగా ఉన్న మనిషి. కుర్రతనంలో వల లాగుతూ పడవ అంచుకి కొట్టుకుని అతని కుడి మోకాలు దెబ్బతింది. యాక్సిలేటరు మీద గంటసేపు పాదం ఉంచితే చాలు, కాలు బిగుసుకుపోతుంది. అలాంటి మనిషి విశాఖ దాకా నడపగలుగుతున్నాడంటే క్రూయిజ్ కంట్రోల్ చలవే.

క్రూయిజ్ కంట్రోల్ అంటే మరేం లేదు. ఎనభై మీద వెళ్తూ స్టీరింగు మీది బటన్ నొక్కితే యాక్సిలేటరు తొక్కకపోయినా బండి ఆ వేగంలోనే పోతుంది. బ్రేకు తొక్కినా, క్లచ్ తొక్కినా వెంటనే ఆగిపోతుంది. ఆ పెడళ్ల దగ్గర చిన్న స్విచ్‌లుంటాయి, పాదం పడిందని కంప్యూటర్‌కి చెప్పేవి అవే. భాస్కరరావు గారి బండిలో రెండు నెలలుగా ఇది పెట్టిన పావుగంటకో ఇరవై నిమిషాలకో తనంతట తనే పడిపోతోంది. మళ్లీ పెడితే మళ్లీ పడిపోతోంది.

మొదటిసారి వచ్చినప్పుడు స్కానర్ పెట్టి చూశాను. కంప్యూటర్లో ఏ తప్పూ నమోదై లేదు. పాత బళ్లలో ఇలాంటప్పుడు పదింట తొమ్మిది సార్లు దోషి బ్రేక్ స్విచ్చే. మార్చేసి, దివాన్‌చెరువు దాటి చాలా దూరం నేనే నడిపి చూశాను. బంగారంలా పనిచేసింది. వారం తిరక్కుండా బండి వెనక్కి వచ్చింది. ఈసారి స్టీరింగు విప్పి, బటన్ల నుంచి కంప్యూటర్‌కి వెళ్లే రిబ్బన్ వైరు చూశాను. కనెక్టర్లన్నీ శుభ్రం చేశాను. మళ్లీ నేనే నడిపాను, జగ్గంపేట దాకా వెళ్లొచ్చాను. ఒక్కసారి కూడా పడిపోలేదు. సత్తిబాబు పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

"మీ దగ్గరికొస్తే బాగానే ఉంటాదండి. నా దగ్గరే పడిపోతాది," అన్నాడు.

నాకు అది నచ్చలేదు. రెండుసార్లు విప్పి బిగించినవాడికి అలాంటి మాట వినబుద్ధి కాదు. ఆ సాయంత్రం భాస్కరరావు గారు ఫోన్ చేసి సంగతేంటని అడిగితే, బండిలో ఏమీ లేదండి, నడిపే మనిషిలో ఉందేమో చూసుకోండి అనేశాను. చేతకాని పనిని నోటితో సర్దేసుకోవడం మా వృత్తిలో అందరికీ తెలిసిన విద్యే. అని ఫోన్ పెట్టేసి హాయిగా టీ తాగాను.

నాలుగు రోజులకి సత్తిబాబు ఒక్కడే షెడ్డుకి వచ్చాడు. నా షెడ్డులో నేల మీద మేకులు, ఇనుప ముక్కలు ఉంటాయి కాబట్టి చెప్పుల్లేకుండా ఎవరినీ తిరగనివ్వను. చెప్పులతో ఓ పక్కగా నిలబడి, నెమ్మదిగా విషయం చెప్పాడు. ఇకమీదట విశాఖ వెళ్లడానికి కొత్త డ్రైవర్ని మాట్లాడారట. తనని పూర్తిగా మానేయమన్నారట. ఇక సోమవారం వెళ్లేదే ఆఖరి ట్రిప్పు.

"ఈ కాలితో నాకు ఇంకోచోట పని ఎవరిస్తారండి? నేను బటన్ తప్ప ఏదీ ముట్టుకోలేదు మేస్త్రి గారూ. ఆ మాట ఒక్కటి అయ్యగారికి చెప్పండి."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేనన్న మాట ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసి నాకు సిగ్గేసింది. సోమవారం నేనూ బండిలో వస్తాను, నువ్వే నడుపు అన్నాను.

సోమవారం తెల్లారాక బయల్దేరాం. సావిత్రి గారు డ్రైవరు సీటు వెనక కూర్చున్నారు. ఆపరేషన్ అయిన కాలుతో అటు డోరులోంచి ఎక్కడమే ఆవిడకి తేలిక. నేను ముందు సీట్లో స్కానర్ ఒళ్లో పెట్టుకున్నాను. బండి నడుస్తుండగా ఏ స్విచ్ ఏం చెబుతోందో వరసగా చూపించే లైవ్ డేటా అందులో వస్తుంది. జగ్గంపేట దాటాక సత్తిబాబు క్రూయిజ్ పెట్టి, కుడికాలు చాపుకుని, ఊపిరి వదిలాడు. కత్తిపూడి దాటింది. అన్నవరం కొండ కనబడుతుండగా క్రూయిజ్ పడిపోయింది.

స్కానర్లో ఒకే ఒక గడి మారి మళ్లీ మామూలైంది. అది బ్రేకుది కాదు, క్లచ్ స్విచ్‌ది.

అప్పుడు కిందికి చూశాను. సత్తిబాబు పాదాలకి చెప్పుల్లేవు. ఎడమ పాదం క్లచ్ పెడల్ మీద ఊరికే ఆనించి ఉంది. తొక్కడం లేదు, పాదం అక్కడుందని అతనికి తెలియదు కూడా. గతుకు వచ్చినప్పుడల్లా పాదం బరువుకి పెడల్ ఓ గోరంత దిగుతోంది. ఆ స్విచ్‌కి అంతే చాలు. క్లచ్ పక్కన ఎడమ కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్ అని ఒక గట్టు ఉంటుంది. దాని మీద అతని చెప్పుల జత నిలువుగా, కదలకుండా దోపి ఉంది.

టీ కొట్టు దగ్గర బండి ఆపించాను. ఇద్దరం దిగాం. చెప్పులెందుకు విప్పావని అడిగితే, అడగడమేంటన్నట్టు చూశాడు.

"పడవెక్కేటప్పుడు చెప్పులు ఒడ్డునే వదిలేస్తామండి. అన్నం పెట్టేది కదండి. నాకు బండైనా అంతే."

మరి అక్కడెందుకు పెట్టావన్నాను. అతను వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇదివరకు నా సీటు వెనకాల కింద పెట్టేవాణ్ణండి. ఇప్పుడు అమ్మగారు అక్కడ కూర్చుంటున్నారు. ఆవిడ కాళ్లకి నా చెప్పులు తగలకూడదు కదండి. బ్రేకు కిందకి జారిపోతే ప్రమాదమని అక్కడ దోపుతున్నాను."

రెండు నెలలుగా జరుగుతున్నది అదీ. కాలు పెట్టుకునే చోట చెప్పులున్నాయి. పాదం కాసేపు గాల్లో ఉండి, అలిసిపోయి, పావుగంటకి పక్కనున్న పెడల్ మీద వాలుతోంది. నా షెడ్డులోనేమో అతను చెప్పులు విప్పడు, బండి నేనే నడుపుతాను. ఇక తప్పు ఎలా దొరుకుతుంది?

సావిత్రి గారు అంతా విన్నారు. గొంతు తగ్గించినా ఎంత దూరం గనక. ఆవిడ డోరు తీసుకుని, పైనున్న కడ్డీ పట్టుకుని మెల్లగా దిగారు. ముందు డోరు దగ్గరికి వచ్చి, ఆపరేషన్ అయిన కాలు పక్కకి చాపి కష్టంగా వంగారు. సత్తిబాబు కంగారుపడి చెయ్యి అడ్డం పెట్టేలోపే ఆ చెప్పుల జత తీసుకెళ్లి సీటు వెనక, తన చెప్పుల పక్కన పెట్టుకున్నారు.

"ఇవి ఇక్కడే ఉంటాయి. ఎక్కు సత్తిబాబూ, డాక్టరు గారు వెళ్లిపోతారు," అన్నారు.

అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని, అప్పుడు ఎక్కాడు.

తుని దాకా క్రూయిజ్ పడిపోలేదు. ఎడమ పాదం ఫుట్‌రెస్ట్ మీద నిద్రపోతున్నట్టు ఉంది. నేను తునిలో దిగి, బస్సు కోసం నిలబడి భాస్కరరావు గారికి ఫోన్ చేశాను. దొరికింది చెప్పాను. ఆ రోజు నేనన్న మాట తప్పని, క్రూయిజ్ ఎందుకు పడిపోతోందో తెలియక మనిషి మీదికి నెట్టానని కూడా చెప్పాను.  ఆయన, సావిత్రి ఇందాకే ఫోన్ చేసిందండి, కొత్తవాణ్ణి రావద్దని చెప్పేశాను అన్నారు.

ఇప్పుడు నా దగ్గరికి ఏ బండి వచ్చినా, రోజూ నడిపే మనిషినే ముందు నడపమంటాను. షెడ్డులో కాదు, వాళ్లు తిరిగే రోడ్డు మీద, వాళ్లు ఎలా కూర్చుంటారో అలాగే. స్కానర్ కన్నా ముందు కాళ్ల వైపు చూస్తాను. నా దగ్గర బాగుంటుంది, అతని దగ్గరే పడిపోతుందని సత్తిబాబు రెండోసారి వచ్చినప్పుడే చెప్పాడు. బండి జబ్బు మొత్తం ఆ మాటలోనే ఉంది. నేను దాన్ని ఫిర్యాదు అనుకున్నాను.