కూర చెప్పి లోపలికి రండి

దశరథరామయ్యకున్న జబ్బు ఒక్కటే. ఎదురొచ్చిన ప్రతి మనిషినీ "ఏం కూర?" అని అడుగుతాడు.

ఇందులో జబ్బేముంది, తెలుగువాడన్నాక అడగడా అంటారు. అడుగుతాడు. అడిగి, జవాబు వినకుండా తన దారిన తాను పోతాడు. దశరథరామయ్య అలా కాదు. జవాబు నచ్చితేనే గేటు తీస్తాడు. ఆయన తిరువూరు ఊరి చివర పార్శిల్ గోడౌన్‌కి వాచ్‌మన్. ఆ మాటంటే పలకడు, 'సెక్యూరిటీ' అనాలి.

గంపలగూడెం, ఎ.కొండూరు వైపు జనం ఫోన్లో నొక్కి కొనే మిక్సీలు, చీరలు, చెప్పులు, కొని నచ్చక తిప్పి పంపేవి కూడా ఈ గోడౌన్‌లో దిగాకే ముందుకు కదులుతాయి. అంత సరుకునీ కాపాడటానికి కంపెనీవారు చేసిన ఏర్పాట్లు చూస్తే దొంగకే జాలేస్తుంది. గోడ మీద ముళ్ళకంచె వేయించారు. దాని మీద హమాలీలు తువ్వాళ్ళు ఆరేసుకుంటారు. కెమెరాలు పెట్టించారు. కోతులు వాటిని తిప్పి తిప్పి, కొన్నిటిని ఆకాశానికి, ఒకదాన్ని పక్క చేలో పత్తికి కాపలా పెట్టాయి. దొంగ పడితే మోగాలని అలారం బిగించారు. అది కరెంటు పోయినప్పుడల్లా మోగుతుంది కాబట్టి, మోగగానే జనం అట్టముక్కలు వెతుక్కుని విసురుకుంటారు.

ఇంత కట్టుదిట్టం చేసినా ధైర్యం చాలక కంపెనీ దశరథరామయ్యను కూడా పెట్టుకుంది. ఎండుమిరపకాయలాంటి మనిషి. మెడలో ఈల, చేతిలో కర్ర, మిట్టమధ్యాహ్నం కూడా నడుముకి టార్చిలైటు.

మేనేజరుగా చేరిన రోజే ఉమాశంకర్‌కి ఆ కర్ర అడ్డం పడింది.

"నేను కొత్త మేనేజర్నండీ."

"ఆ మాట ఎవడైనా చెప్తాడు. ఏం కూర?"

"ఇదిగో, ఐడీ కార్డు."

"కార్డు జిరాక్స్ షాపులో పుడుతుంది. కూర పొయ్యి మీద పుడుతుంది. ఏం కూర?"

"దొండకాయ వేపుడు!"

"తడుముకోకుండా చెప్పారు. రండి లోపలికి."

ఈ పద్ధతి వెనక ఒక సిద్ధాంతం ఉంది. అడక్కపోయినా ఆయన చెప్తాడు. "దొంగనేవాడు పేరు మార్చి చెప్తాడు, ఊరు మార్చి చెప్తాడు. తిన్న కూర దగ్గరకొచ్చేసరికి ఒక్క లిప్త తడబడతాడు. అక్కడ పట్టుకోవాలి."

"ఇప్పటిదాకా ఎంతమందిని పట్టుకున్నారేంటి?" అని ఉమాశంకర్ వెటకారంగా అడిగాడు.

"ఒక్కణ్ణి కూడా లేదండీ."

"మరి?"

"చూశారా, ఎంత భయమో!"

ఇలాంటి మనిషితో వాదించడం కన్నా కోతులకి కెమెరాలు అప్పగించడం నయమని ఉమాశంకర్‌కి ఆ పూటే తెలిసిపోయింది.

ఒకసారి ఏదో పని మీద ఎస్సైగారు జీపులో వచ్చారు. జీపుకీ కర్ర అడ్డం పడింది. ఎస్సైగారు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "సొరకాయ" అన్నారు. దశరథరామయ్య ఠపీమని సెల్యూట్ కొట్టి గేటు బార్లా తీశాడు.

"ఆయన్ని కూడా పరీక్షించాలా?" అని ఉమాశంకర్ తల పట్టుకున్నాడు.

"పరీక్ష కాబట్టే నెగ్గారండీ. సొరకాయ కోతలు కోసేవాడు కూడా సొరకాయ తిన్నానని కొయ్యడు. ఆయన నిప్పు."

ఈ కూర గొడవ ఉమాశంకర్ ఇంటిదాకా పాకింది. అతని భార్య నాగలత ఒక సాయంత్రం మూతి ముడుచుకుని కూర్చుంది.

"ఇవాళ పచ్చడి మెతుకులే అని గేటు దగ్గర చెప్పారట?"

"నీకెవరు చెప్పారు?"

"కూరల బండి దగ్గర చెప్పుకుంటున్నారు. మేనేజరు గారి భార్యకి వంట బద్ధకమట!"

మర్నాటి నుంచీ ఆ ఇంట్లో గేటును దృష్టిలో పెట్టుకుని వంట మొదలైంది. గుత్తివంకాయ అని చెప్పేటప్పుడు ఉమాశంకర్ గొంతు కొంచెం పెద్దదయ్యేది కూడా. అబద్ధం చెప్పే అవసరం అతనికెప్పుడూ రాలేదు.

తడబడ్డవాళ్ళ గతి వేరు. వాళ్ళను దశరథరామయ్య గేటు పక్క రేకుల గదిలోకి తీసుకెళ్ళి తలుపేసేవాడు. దాని పేరు విచారణ. కాసేపటికి ముద్దాయి ముక్కు ఎగబీలుస్తూ, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, మాట్లాడకుండా పనిలో పడేవాడు. లోపల ఏం జరిగిందంటే ఒక్కడూ నోరు విప్పడు. ముసలాయన కొడుతున్నాడేమోనని ఉమాశంకర్‌కి అనుమానం. కొట్టేంత సత్తువ ఎక్కడిదంటే, తిండి చూస్తే నమ్మబుద్ధేసేది. ఆయనకి ఇంటి నుంచి వచ్చే క్యారేజీ అయిదు గిన్నెలది, ఒక్కొక్కటీ చిన్న బిందె అంత. అందులో తిన్నదంతా ఎక్కడికి పోతోందో ఆ ఎండుమిరపకాయ ఒంటి మీద ఆనవాలు లేదు.

అనుమానం కోపమైంది మేరమ్మ వల్ల. పెనుగొలను నుంచి షేర్ ఆటోలో వచ్చి పార్శిళ్ళు సర్దే మనిషి. ఒక శుక్రవారం పొద్దున్నే వచ్చింది.

"ఏం కూర, మేరమ్మా?"

మేరమ్మ తల ఎగరేసి, "కోడికూర, బాబాయి గారూ" అంది.

"ఈస్టరు ముందు తపస్సు కాలం, అందునా మాంసం ముట్టని శుక్రవారం. పొద్దున్నే గుడికెళ్ళొచ్చే మనిషివి, కోడికూరా? పద విచారణకి!"

ఆమె బయటికొచ్చేసరికి కళ్ళ నిండా నీళ్ళు, ముక్కు ఎర్రగా కందిపోయింది. ఉమాశంకర్‌కి ఒళ్ళు మండింది. ఆడమనిషిని నోటికొచ్చినట్టు అని ఏడిపిస్తాడా? నిజంగా బాధనిపించి, హెడ్డాఫీసుకి ఫోన్ చేసి, ఈయన్ని మార్చేయండి సార్ అని చెప్పేశాడు.

హెడ్డాఫీసు ఎప్పటిలాగే నింపాదిగా ఆలోచిస్తుండగా గోడౌన్ చరిత్రలో మొట్టమొదటి దొంగతనం జరిగింది. లోపల ఫోన్లున్నాయి, టీవీలున్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు. గేటుకేసే ఇత్తడి తాళం పోయింది. కాపలా కాయాల్సిన వస్తువే మాయమైతే ఇంక కాపలా ఏమిటని దశరథరామయ్య మొహం వేలాడేశాడు. అంతమందిని కూర అడుగుతూ కూడా ఆ మొహం తేరుకోలేదు.

ఈసారి హెడ్డాఫీసు చురుగ్గా కదిలింది. వేలిముద్రతో తెరుచుకునే గేటు పెడతాం, ముసలాయన్ని ఇంటికి పంపేస్తాం, ముందు మా సెక్యూరిటీ ఆఫీసరు వినీల వచ్చి చూసి సాయంత్రంలోగా తేల్చేస్తుంది అన్నారు. ఉమాశంకర్ ఊపిరి పీల్చుకున్నాడు. తీరా ఆ రోజు వచ్చేసరికి, ఇస్త్రీ యూనిఫారంలో నిటారుగా నిలబడ్డ ముసలాయన్ని చూసి మనసు కొంచెం చివుక్కుమంది.

"రామయ్య గారూ, ఇవాళ వచ్చే మేడమ్ చేతిలోనే మీ ఉద్యోగం ఉంది. మీకు దణ్ణం పెడతాను, ఆవిణ్ణి కూర అడక్కండి."

"అలాగేనండీ."

ఆ 'అలాగే' విని నిశ్చింతగా లోపలికెళ్ళడం ఉమాశంకర్ చేసిన తెలివైన పని. కాసేపటికి డెలివరీ వ్యాను నడిపే యేసుబాబు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్! విజయవాడ నుంచొచ్చిన మేడమ్‌ని బాబాయి గారు విచారణకి తీసుకెళ్ళిపోయారు!"

ఉమాశంకర్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. ముసలాయన ఉద్యోగంతో పాటు తనదీ గోవిందా అనుకుంటూ రేకుల గది తలుపు తోశాడు. లోపల స్టూలు మీద వినీల కూర్చుని ఉంది. ఒళ్ళో స్టీలు పళ్ళెం, పళ్ళెంలో పప్పన్నం, పక్కన ఆవకాయ ముక్క. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"తలుపేయండి సార్," అంది ముక్కు ఎగబీలుస్తూ. "విచారణ జరుగుతోంది."

దశరథరామయ్య గరిటె పట్టుకుని నేరం వివరించాడు. "మేడమ్ గారు పనీర్ బటర్ మసాలా అన్నారండీ. పొద్దున్నే విజయవాడలో బస్సెక్కిన మనిషికి పనీర్ ఎవరు వండి పెట్టారండీ?"

"హాస్టల్లో పొయ్యి వెలిగించకముందే బయల్దేరాను," అని వినీల నేరం ఒప్పుకుంది. "ఇంకొంచెం పప్పు వెయ్యండి."

తలుపు దగ్గర మూగిన జనంలో మేరమ్మ కనిపించింది. ఉమాశంకర్ ఆమె వైపు తిరిగాడు. "అయితే ఆ శుక్రవారం నువ్వు ఏడ్చింది..."

"ఏడుపేంటి సార్! బాబాయి గారి ఇంటావిడ గోవిందమ్మ గారి ఆవకాయ. ఇంట్లో బియ్యం పిల్లల వరకే సరిపోయినాయి ఆ పూట."

"నాకు చెప్పొచ్చుగా?"

"సెక్యూరిటీ విషయం, బయటికి పొక్కకూడదన్నారు."

హమాలీలంతా గంభీరంగా తలలూపారు. యేసుబాబు గొంతు సవరించుకున్నాడు. "నేనైతే గోంగూర వచ్చిన రోజు తెలిసి తెలిసి అబద్ధమాడతానండీ."

ఉమాశంకర్‌కి సిగ్గూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. "అంటే ఈ గోడౌన్‌లో విచారణ జరగని మనిషిని నేనొక్కణ్ణేనా?"

"మీరెప్పుడూ నిజమే చెప్తారు కదండీ," అన్నాడు దశరథరామయ్య జాలిగా.

వినీల పప్పన్నం ఖాళీ చేసి తలెత్తింది. "ఒక్క మాట చెప్పండి, తాతగారూ. అన్నం పెట్టాలంటే తిన్నావా అని అడిగితే పోయేది కదా?"

"తిన్నావా అంటే లేదని ఎవరు చెప్తారమ్మా? ఖాళీ కడుపు మీదున్నోడు కూడా, ఆ, తిన్నా అంటాడు. అదే, ఏం కూర అన్నామనుకోండి, తిన్నోడు తిన్నది చెప్తాడు. తిననోడు పెద్ద పెద్ద కూరలు చెప్తాడు." అంతలోనే ఎవరో తనని మంచివాడనేస్తారేమోనని కంగారుపడి కర్ర అందుకున్నాడు. "ఇది దయా గియా కాదు. సెక్యూరిటీ! కడుపు నిండినోడు గోడౌన్ వంక చూడడు, గోడకి చేరగిలబడి కునుకు తీస్తాడు."

"సరే. మరి తాళం సంగతి?"

దశరథరామయ్య మొహం మళ్ళీ వేలాడింది. తలొంచుకుని, "పెరుగేస్తాను, తినెయ్యండి," అని క్యారేజీలో అడుగు గిన్నె మూత తీశాడు. పెరుగు లేదు. బంగారంలా తళతళలాడుతూ ఇత్తడి తాళం ఉంది.

దశరథరామయ్య గబగబా ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"గోవిందమ్మా, గిన్నెలో తాళమేంటే?"

"మీరేగా పంపింది!" అని గోవిందమ్మ గొంతు ఖంగుమంది. "ఖాళీ గిన్నెలో తాళం వస్తే ఏమనుకోవాలి? తుప్పు వదిలించమని అనుకున్నా. చింతపండు పెట్టి తోమి, కొబ్బరినూనె పోసి అటక మీద పెట్టి మర్చిపోయా. ఇవాళ గుర్తొచ్చి పంపా. పెరుగేదని అడక్కండి, ఇంకో గిన్నె లేదు."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. ఆ రోజు ముద్దాయిలెక్కువై, విచారణ హడావుడిలో చేతిలో తాళం ఏ గిన్నెలో పడేశాడో చూసుకోలేదు.

"దొంగ దొరికాడమ్మా," అని వినీల ముందు చేతులు కట్టుకున్నాడు. "ఆ దొంగని నేనే. ఇంటికి పంపేయండి."

వినీల నవ్వాపుకోలేకపోయింది. అక్కడే హెడ్డాఫీసుకి ఫోన్ కలిపి, చదువుకున్నవాళ్ళ గొంతుతో మాట్లాడింది. "పోయిన తాళం దొరికింది సార్, సర్వీసింగ్‌కి వెళ్ళింది. వేలిముద్ర గేటు పెట్టేద్దాం. కానీ వేలిముద్ర ఒక్కటే చాలదు, రెండంచెల తనిఖీ ఉండాలి. రెండో అంచెకి ఇక్కడ అనుభవమున్న మనిషి ఉన్నారు. అవును సార్, టూ ఫ్యాక్టర్." ఆ ఇంగ్లీషు ముక్క వినగానే హెడ్డాఫీసు వెంటనే సరేనంది.

కొత్త గేటు వచ్చింది. ఒకరోజు నాగలత సొరకాయ పులుసు చేసింది. గోడౌన్‌లో ఇవాళ గోంగూర వచ్చిందని యేసుబాబు దారిలోనే చెప్పాడు. ఉమాశంకర్ గేటు దగ్గర వేలు పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. కర్ర అడ్డం పడింది.

"ఏం కూర?"

ఉమాశంకర్ ఒక్క లిప్త తడబడినట్టు నటించాడు. "మటన్ బిర్యానీ."

దశరథరామయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. టార్చి వేసి చొక్కా మీది మరక చూశాడు. ముందుకు వంగి వాసన కూడా చూశాడు.

"సొరకాయ!"

"అవునండీ," అని ఉమాశంకర్ తలొంచుకున్నాడు.

"కడుపు నిండినోళ్ళకి విచారణ లేదండీ, రూలు ఒప్పుకోదు." కర్ర పక్కకి తీశాడు. ఉమాశంకర్ నీరసంగా రెండడుగులు వేశాడో లేదో, వెనక నుంచి ఈల వినిపించింది.

"అయినా సొరకాయ తిన్నోడి బాధ కూడా బాధే. పదండి విచారణకి!"