డాక్టరే చంపాడని చెప్పాను

మా లైబ్రరీ గోడ మీద ఒక నల్లబోర్డు ఉండేది. దాని మీద సుద్దముక్కతో "తప్పక చదవాల్సిన సస్పెన్స్ నవలలు" అని పెద్ద అక్షరాలతో రాసి, కింద పది నవలల పేర్లు పెట్టేవాడిని. ఒక్కో పేరు పక్కన ఒక్కో మాట. "చివరి పేజీ దాకా ఊపిరాడదు." "హంతకుణ్ని ముందే పట్టుకుంటే మీరు ఘనులే." ఆ మాటలు నావే. నవలలు మాత్రం నేను చదివినవి కావు. అట్ట వెనక నాలుగు వాక్యాలు చూసి, మొదటి పేజీ తిప్పి, బోర్డెక్కించేవాడిని. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అది నా సంగతే.

తెలంగాణ వచ్చిన కొత్తలో కల్వకుర్తి అవతల ఒక చిన్న ఊరి శాఖా గ్రంథాలయంలో పనిచేసేవాడిని. నోటిఫికేషన్లు పడతాయని కుర్రాళ్లంతా పోటీ పరీక్షల పుస్తకాల మీద పడ్డారు. నవలల బీరువా మూలకు పోయింది. నవలలు ఎవరూ తీసుకోవడం లేదేమని తనిఖీకి వచ్చినాయన అడిగితే చూపించడానికి ఆ బోర్డు పెట్టాను. అయితే అదొక్కటే కారణం కాదు. "సారుకు తెల్వని పుస్తకం లేదు" అని ఊళ్లో అనుకుంటుంటే నాకు మహా బాగుండేది.

ఆ బోర్డు చూసి ఒక వారపు అంగడి రోజు ఒకతను వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. గొర్రెలు కాస్తాడు, ఏడో తరగతి దాకా చదివాడు. గొంగడి గుమ్మం దగ్గరే మడిచిపెట్టి లోపలికొచ్చాడు.

"సారూ, గా బోర్డు మీద మొదాలున్న పుస్తకం ఇస్తవా? మా బాపుకు కండ్లు కనవడ్తలేవు. పగటీలి మంద నీడకు పండుకున్నప్పుడు సదివి ఇనిపిస్త."

ఇతను పది పేజీలు కూడా దాటడనుకున్నాను. వెన్ను ఊడిన పుస్తకం, లైబ్రరీలో ఉన్నది ఆ ఒక్కటే. చివర పేజీలున్నాయో లేవో కూడా చూడకుండా చేతిలో పెట్టాను.

రెండు వారాలకు తిరిగొచ్చాడు. మొహమంతా ఆత్రం.

"సారూ, దీనికి ఆఖర్ల కాయిదాలు లేవు. ఎవలు సంపిన్రో తెల్వకుంటనే ఒడిసింది. మా ఇంట్ల ఒకటే లొల్లి. టాకీసు ఓనర్ని బామ్మర్దే సంపిండని మా బాపు. కాదు, మేనేజరని నేను. నువ్వు సదివినవ్ గద, జర జెప్పు."

పరీక్షలకు చదువుకుంటున్న ఇద్దరు తలెత్తి చూశారు. చదవలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోట్లోంచి రాలేదు. మొదటి పేజీలో ఒక డాక్టరు కనిపించిన గుర్తు.

"డాక్టరే," అన్నాను.

"డాక్టరా!" అని పుస్తకం బల్ల మీద పెట్టాడు. తర్వాత నవ్వాడు. "అయితే మేమిద్దరం ఓడినట్టే తియ్."

అతను వెళ్లగానే ఆ సంగతి మర్చిపోయాను. మళ్లీ నెలన్నరకు కనిపించాడు. కొత్త నవల ఇవ్వబోతే వద్దన్నాడు.

"బాపు సదివితె ఇంటలేడు సారూ. ఆ దినం సంది కతలు బంజేసిండు."

వానలు మొహం చాటేసిన ఏడు మందను ఏ దిక్కుకు తోలాలో వాళ్లింట్లో ఆ ముసలాయన మాటే మాట. చూపు పోయాక కూడా ఆయన్నే అడిగేవాళ్లు.

"గీ యేడు అడిగితే, 'కతల దొంగనే పట్టలేకపోయిన, నా మతి తప్పింది, మందకేం తొవ్వ జెప్త, మీరే జూస్కోండ్రి' అన్నడు. మేం ఆత్మకూర్ దిక్కు తోలినం. ఆడ మేత లేదు. నాలుగు గొర్రెపిల్లలు సచ్చినై."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. హంతకుడెవరో నాకూ తెలియదు కదా, ఏమో, నిజంగా డాక్టరేనేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాలకు లెక్కుండదు.

ఆ ఎండాకాలం కట్టంగూర్‌లో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకు వారపత్రికల్లో వచ్చే సీరియళ్లు కత్తిరించి, గోనెసూదితో కుట్టి దాచుకునే అలవాటు. అటక మీది కట్టలు దింపి దులుపుతుంటే ఆ నవల దొరికింది, మొదటి వారం నుంచి చివరి వారం దాకా. వసారాలో కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో చదివేశాను. నా బోర్డు మీది నవలల్లో నేను పూర్తిగా చదివిన మొదటిది అదే.

చంపింది బామ్మర్దే. జోరువానలో నడిచొచ్చానన్నవాడి శాలువా పొడిగా ఉంది. అది కళ్లు లేని ఆ ముసలాయన, విన్నంతలోనే పట్టుకున్నాడు.

"ఏందిరా, మొఖం గట్ల వెట్టినవ్?" అంది పెద్దమ్మ.

"ఏం లేదు పెద్దమ్మా," అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానని ఎట్లా చెప్పను?

కట్ట అడిగి తెచ్చుకున్నాను గానీ వెంటనే వెళ్లలేదు. వారం వారం అంగడి వస్తుంటే, అతను రాకపోతే బాగుండునని కోరుకున్నాను. ఆ ఏడు కూడా వానలు పడలేదు. మందలు కదిలే రోజులొచ్చాయి. ఇక ఆగలేక ఒక ఆదివారం బయల్దేరాను.

ఊరి బయట బీడులో మంద పడుకుని ఉంది. తుమ్మచెట్టు నీడలో ముసలాయన కూర్చున్నాడు, పక్కన కొడుకు. నేనెవరో కొడుకు చెబితే, ముసలాయన లేవబోయాడు. నా కోసం లేవబోయాడు! వద్దని కూర్చోబెట్టి, చివరి రెండు వారాల కథ పైకి చదివాను. పొడి శాలువా మాట రెండుసార్లు చదివాను.

"తాతా, నువ్వే గెల్చినవ్. అప్పుడు నేను సదవకుంటనే చెప్పిన. తప్పయింది," అన్నాను.

ముసలాయన తల ఊపాడు. "డాక్టరు గా సంపిన దినం ఊర్లనే లేడు గద సారూ. కతల ముందుగాల్నే ఉన్నది, కొడుకు సదివిండు."

"మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"అడుగుదామనే అనుకున్న. సదువుకున్న సారు, సర్కారు కొలువు, ఉత్తది ఎందుకు జెప్తడు? నాకే తప్పిందనుకున్న."

ఆయన గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. కొడుకు మాత్రం సంబరపడిపోయాడు. తండ్రి ముందు గొంతుక్కూర్చుని మోకాలు పట్టుకున్నాడు.

"ఇన్నవా బాపూ, నీ మతి నీకాడనే ఉన్నదే. ఇగ చెప్పు, గీసారి మంద ఏ దిక్కు తోలుదాం?"

ముసలాయన గాలికి మొహం పెట్టాడు. ఒక దిక్కుకు చెయ్యెత్తబోయి, మళ్లీ దించేశాడు.

"నాకు తెల్వది బిడ్డా. ఎవలన్న సదువుకున్నోళ్లను అడుగు," అన్నాడు.

కొడుకు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.