నా బండికి ఆయన రిపేరు

పెళ్ళికి ముందు నా జీతంతో నేను కొనుక్కున్న మోటార్‌సైకిల్ అది. మారతహళ్ళి నుంచి బెళ్ళందూరులోని ఆఫీసుకి దాని మీదే వెళ్ళేదాన్ని. ఒకరోజు మొండికేసింది. ఎంత కిక్కు కొట్టినా దగ్గడమే తప్ప స్టార్ట్ కాదు. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అతను బండి వైపు చూడలేదు. నా వెనక మగమనిషి ఎవరైనా వస్తున్నాడేమోనని చూశాడు. "సార్‌కి ఫోన్ చేసి ఇవ్వండి మేడమ్, మాట్లాడతా" అన్నాడు. నా బండి జబ్బు నాకు చెప్పడట! ఒళ్ళు మండి మళ్ళీ ఇంటికి తోసుకొచ్చాను.

మా ఆయన సోఫాలోంచి లేవకుండానే తీర్పు చెప్పారు. "ఆయుధపూజ లోపు స్టార్ట్ అయితే సరే. లేదంటే అమ్మేద్దాం. నువ్వు క్యాబ్‌లో వెళ్ళు."

ఎవర్నీ అడక్కుండా, ఎవరి కోసమూ ఆగకుండా నేను వెళ్ళగలిగేది ఆ బండి మీదే. అది పోతుందంటే నిజంగా ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చోకుండా ఫోన్‌లో రిపేరు వీడియోలు తెరిచాను.

అక్కడ గురువులకేం కొదవ! ఒకాయన తన ఛానెల్‌ని ఆదరించమని బతిమాలి, గంట నొక్కమని ప్రాధేయపడి, కొత్త హెల్మెట్ గొప్పలు చెప్పుకుని, తీరా ప్లగ్ విప్పే దగ్గరికొచ్చేసరికి కెమెరాకి వీపు అడ్డం పెట్టాడు. "చూశారుగా ఫ్రెండ్స్, ఎంత ఈజీనో!" చూశాను నాయనా, నీ చొక్కా వెనక చిరుగు కూడా చూశాను. ఇంకొకాయన కార్బ్యురేటర్ మొత్తం విప్పి పరిచి, "బిగించడం ఇదే రివర్స్‌లో చేసేయండి" అని మాయమైపోయాడు. కింద కామెంట్లలో నా సందేహం రాస్తే, "మీవారిని అడగండి సిస్టర్" అని ఒక మహానుభావుడి జవాబు.

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో, బండి పక్కన పాత చాప పరుచుకుని కూర్చునేదాన్ని. కింద ఫ్లాట్‌లో ఉండే రిటైరైన పెద్దాయన వాకింగ్‌కి వెళ్తూ ఆగేవాడు. పాత ఊళ్ళో, బళేపేటలో పుట్టి పెరిగిన మనిషి, మాటా అక్కడి తెలుగే.

"ఏమమ్మా, నువ్వు చేస్తా ఉండావు? మీ ఇంటాయప్ప ఊర్లో లేడా?"

"ఉండాడు అంకుల్, పైన క్రికెట్ చూస్తా ఉండాడు" అన్నాను, ఆయన భాషలోనే.

"పిలుచుకో మల్ల! ఆడకూతురివి, నీకెందుకమ్మా ఈ గలాటా?"

చేతులకి పట్టిన పెట్రోలు వాసన ఎన్నిసార్లు కడిగినా వదిలేది కాదు. అన్నం ముద్దలోనూ అదే వాసన. చివరికి ముఖమే కనిపించని ఒక వీడియో దొరికింది. మాటల్లేవు, ఉపన్యాసం లేదు, పనిచేసే రెండు చేతులు మాత్రమే. ఆ చేతులు ఎలా తిరిగితే నా చేతులూ అలా తిప్పాను. పండగ దగ్గర పడ్డాక ఒక ఉదయం బండి బుర్రుమంది. బేస్‌మెంటంతా పొగ. సంతోషం పట్టలేక గట్టిగా అరిచేశాను. పైకి పరిగెత్తి చెప్తే మా ఆయన "ఓహో, మంచిదే" అన్నారు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆయుధపూజ రోజు అపార్ట్‌మెంట్ బళ్ళన్నీ వరసగా నిలబెట్టారు. అరటి పిలకలు, బంతిపూలు, చక్రాల కింద నిమ్మకాయలు. నా బండి ముందు పళ్ళెంలో స్పానర్లు పెట్టి కుంకుమ బొట్లు పెట్టాను. దాన్ని స్టార్ట్ చేయగానే పెద్దాయన వచ్చి మా ఆయన భుజం తట్టాడు.

"భలే చేసినావప్పా! చచ్చిన బండికి ప్రాణం పోసినావే!"

మా ఆయన నా పేరు చెబుతారని చూశాను. ఆయన లాల్చీ సర్దుకున్నారు.

"ఏదో అంకుల్... కాస్త ఓపిక ఉంటే చాలు."

ఎవరి ఓపిక? నవ్వుతూనే ఇంజన్ ఆపి, పళ్ళెంలోంచి ఒక స్పానర్ బొట్టుతో సహా తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఏమండీ, చెయిన్ కొంచెం లూజుగా ఉంది. బిగించేయండి, అంకుల్ కూడా చూస్తారు."

"చెయ్యప్పా, చెయ్యి!" అంటూ పెద్దాయన ముందుకొచ్చాడు. నలుగురూ చుట్టూ మూగారు. మా ఆయన గొంతు సవరించుకుని, పైజమా మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, బండి కుడివైపుకి వెళ్ళి, సైలెన్సర్ పక్కన దర్జాగా కూర్చున్నారు.

నా బండికి చెయిన్ ఎడమవైపు ఉంటుంది.