ఓర్డెల్ వేళ్లు, నీళ్లలో కెమెరా

ఓర్డెల్ క్వాలే పడవ అమ్మకానికి పెట్టాడంటే మా గూస్‌నెక్ సరస్సు చుట్టూ ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. కానీ రోడ్డు పక్కన పడవ ఉంది, దాని మీద అట్టముక్కా ఉంది. అట్టముక్క మీద ధర మాత్రం లేదు. మనసు ఒప్పని మనిషి అమ్మకం అలాగే ఉంటుంది మరి.

మా మిన్నెసోటా ఉత్తరాన చలికాలం కారు తలుపులు కూడా గడ్డకట్టే పొద్దుల్లో స్కూలు బస్సు నడిపి, సగం ఊరి పిల్లల్ని బడికి చేర్చిన మనిషి ఓర్డెల్. ఆ ఉద్యోగం మానేశాక ఆయనకి మిగిలిన పని ఒకటే, వాల్‌ఐ చేపలు పట్టడం. బెండు కట్టడు. దారాన్ని చూపుడువేలి మీద ఆనించుకుని, సీసం గుండుని అడుగు దాకా వదులుతాడు. గుండు రాయికి తగిలితే వేలికి తెలుస్తుంది. ఎరగా గుచ్చిన జలగని చేప నోట పెట్టుకున్నా వేలికే తెలుస్తుంది. లోతు చూపించే మరలు ఎన్ని వచ్చినా ఆయన కొనలేదు, వేలుండగా మర దేనికని.

ఆయనకొక చోటుంది. అడుగున బురదలో రాళ్ల గుట్ట. అది ఎక్కడుందో మాకందరికీ సుమారుగా తెలుసు, అయినా ఎవరం అక్కడ లంగరు వేయం. ఒకరి చోటులో లంగరు వేయడమంటే మా దగ్గర ఒకరి కంచంలో చెయ్యి పెట్టడమే.

అలాంటి చోట కొన్ని వేసవులుగా ఒక్క వాల్‌ఐ పడలేదు. ఆయన ఎవరితోనూ అనలేదు. నేనే ఒకసారి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు.

"రాయి తగలట్లేదు రోలీ. వేలికి ఏమీ తెలియట్లేదు. చచ్చుబడిపోయినట్టుంది."

ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. ఈయన మద్దెలని వదిలేసి తన చేతినే తిట్టుకున్నాడు. నాకు జాలేసింది, ఒళ్లూ మండింది.

జూన్‌లో ఒకరోజు ఆయన భార్య లవోన్ రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన మిఠాయి పట్టుకుని మా ఇంటికొచ్చింది. రెండు కప్పుల కాఫీ తాగింది, వానల గురించీ చర్చిలో పెళ్లి గురించీ మాట్లాడింది. అసలు సంగతి మాత్రం, మావాళ్లందరిలాగే, వెళ్లొస్తానని లేచి తలుపు గడియ మీద చెయ్యేశాకే బయటపెట్టింది. చలికాలం సరస్సు మంచులో తొలిచిన కన్నంలోంచి నేను నీళ్లలోకి దించే కెమెరా వేసవిలో పడవ మీదనుంచి పనిచేస్తుందా అని.

పనిచేయదని చెప్పాను. ఎరలమ్మే కొట్టు దగ్గర ఈ వాదన ఏడాదికోసారి జరుగుతూనే ఉంటుంది. మంచు మీదైతే మనం కదలం, కెమెరా నిటారుగా వేలాడుతుంది. వేసవిలో గాలికి పడవ తిరుగుతుంది, తీగ వెళ్లి గాలం దారానికి చుట్టుకుంటుంది, ఎండకి తెర మీద మన మొహమే కనిపిస్తుంది. డబ్బు దండగ అనేవాళ్లలో నేనే ముందుంటాను.

"నాకు చేపలక్కర్లేదు," అంది లవోన్. "అక్కడ చేపలు లేవా, ఉండి ఎర అందుకుంటున్నా ఈయనకి తెలియట్లేదా, అదొక్కటి తెలిస్తే చాలు."

"ఆయనకి తెలియట్లేదనే తేలితే? కుంగిపోడూ?"

"ఇప్పుడేమన్నా ఎగిరి గంతులేస్తున్నాడా?"

మర్నాడు పొద్దున అట్టముక్క పీకేసి పడవ నీళ్లలోకి దించాం. చేపలకి కూడా టీవీ పెడుతున్నారా అని ఓర్డెల్ దారంతా సణిగాడు. తన చోటు దగ్గరికి రాగానే అలవాటుగా గురి చూశాడు. ఒకవైపు మా ఇంటి పొగగొట్టం, దాని వెనక కొండ మీది పైన్ చెట్టు ఒక వరసలోకి రావాలి. ఇంకోవైపు లంక కొన చర్చి శిఖరానికి తగలాలి. రెండూ కుదిరాయి. పడవ తిరగకుండా ముందొకటి, వెనకొకటి లంగరు వేసి, కెమెరా దించాను. ఎండ పడకుండా లవోన్ ఆయన వానకోటు నెత్తిన కప్పుకుని తెర మీదికి వంగింది.

"ఏముంది?" అన్నాడు ఓర్డెల్.

"బురద."

"ఇంకా?"

"ఇంకా బురద. ఒక బీరు డబ్బా."

కెమెరాని చుట్టూ తిప్పాను. ఒక్క రాయి లేదు. ఓర్డెల్ కూడా కోటు కింద తల దూర్చాడు. వాళ్లిద్దరూ నలుగురిలో అంత దగ్గరగా కూర్చోవడం ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. కాసేపటికి ఆయన తల బయటికి తీసి, ఒడ్డున మా పొగగొట్టాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"రోలీ, మీ ఇల్లు లాగింది నేనే కదూ?"

ఆయనే. ఏటా వసంతంలో సరస్సు మంచు ఒడ్డెక్కి మా గోడని తోసేస్తోందని, నాలుగేళ్ల కిందట చలికాలం మా ఇంటిని దుంగల మీదికెక్కించి, గడ్డకట్టిన సరస్సు మీదుగా, అందులో కలిసే వాగు అవతలి ఒడ్డుకి లాక్కెళ్లాం. ట్రాక్టరు నడిపింది ఓర్డెల్. ఊరంతా కాఫీ ఫ్లాస్కులతో వచ్చి చూసింది. మంచు కరిగాక అదే ఓర్డెల్ పడవెక్కి, అదే పొగగొట్టాన్ని గురి చూసుకుని, ఇంటితోపాటే జరిగిపోయిన కొత్తచోట లంగరు వేశాడు. లోతు అక్కడా ఇక్కడా ఒకటే, అనుమానం ఎందుకొస్తుంది? ఆ ఇంట్లోనే పడుకుని లేచే నాకూ తట్టలేదు.

తిడతాడనుకున్నాను. పడవ ఊగేలా నవ్వాడు.

"బురద, లవోన్. ఒట్టి బురద. రాయి లేకపోతే వేలికేం తెలుస్తుంది?"

నాలుగు వేసవులు బురద మీద కూర్చున్నానని తెలిస్తే ఇంకొకరైతే ఊళ్లో మొహం చూపించరు. ఈయన ఏదో గెలిచినట్టు చేతులు చాపి వేళ్లు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

తర్వాత లంగర్లు ఎత్తి, కెమెరా వేలాడదీసుకుని, పాత ఒడ్డు వైపు మెల్లగా పడవ నడిపాను. తీగ రెండుసార్లు నాచుకి చుట్టుకుంది, ఒకసారి నా బూటుకి. చివరికి తెర మీద రాళ్లు కనిపించాయి. వాటి మధ్య వాల్‌ఐలు, తెల్లటి కళ్లేసుకుని. వేసవిలో కెమెరా దండగన్న నా మాట ఆ పూట నేనే మింగాను.

ఓర్డెల్ జలగని గుచ్చి దించాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది. సంగతి నాకప్పుడు అర్థమైంది. బురద చేతి మీది నేరం కొట్టేసింది గానీ, చేతి తరఫున సాక్ష్యం ఇంకా రాలేదు. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"రాయి," అన్నాడు మెల్లగా.

కోటు అంచులోంచి తెర నాకూ కనిపిస్తోంది. ఒక చేప కదిలింది. జలగ దగ్గరికొచ్చి ఆగింది. నోరు తెరిచి లోపలికి తీసుకుంది. ఓర్డెల్ వేలు కదల్లేదు. ఇప్పుడు లాగమని అరవబోయాను. లవోన్ నా మోకాలి మీద చెయ్యేసి గోళ్లు దిగేలా నొక్కింది. తను పెదాలు బిగించుకుని ఉంది.

ఓర్డెల్ గాలం కర్ర లేపాడు. కర్ర విల్లులా వంగింది.

చేప పడవలో పడ్డాక కూడా ఆయన దాన్ని చూడలేదు, భార్యని చూశాడు.

"అది ఎర ఎప్పుడు పట్టిందో చూశావా?"

లవోన్ నెత్తిమీద కోటు తీసి మడిచింది.

"ఎక్కడ చూశాను, తెర నిండా ఎండేనాయె. నువ్వు లాగాకే నాకు తెలిసింది."

కోటు కిందికి ఎండెలా వచ్చిందని ఆయన అడగలేదు. ఇంకో జలగ ఇమ్మని చెయ్యి చాపాడు.