సరిపోయిన గౌను

టైలర్ తాత మెడలో టేపు అలంకారానికే. మనిషి కొట్టు గుమ్మం దాటేలోపు నడుమెంతో, ఛాతీ ఎంతో కళ్ళతోనే కొలిచేసేవాడు. "పోయినేటికీ ఇప్పటికీ రెండంగుళాలు పెరిగావురోయ్. అత్తారింటి భోజనమా?" అని ముఖం మీదే అనేవాడు. కొందరు నవ్వేవాళ్ళు, కొందరు ఉడుక్కునేవాళ్ళు. బట్ట మాత్రం ఒంటికి పోత పోసినట్టు ఉండేది. నలభై ఆరేళ్ళలో ఒక్కటీ తిరిగి రాలేదు. తన చేతి బట్ట ఎవరి ఒంటిమీదా వేలాడకూడదని అతని పట్టుదల.

ఆ పట్టుదల మెత్తబడేది మనవరాలి దగ్గరే. కొడుకూ కోడలూ తెల్లారకముందే మిల్లుకి పోయేవాళ్ళు. తిరిగొచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. జడ వేయడం నుంచి లెక్కలు చెప్పడం దాకా అన్నీ తాతే.

తొమ్మిదో ఏట ఒకరోజు బడి నుంచి ముఖం ముడుచుకుని వచ్చింది.

"తాతయ్యా, గౌను భుజం మీంచి జారిపోతోంది. అందరూ నన్ను హ్యాంగరంటున్నారు."

"ఎవర్తే అన్నది? దాని నోటికి రెండు గుండీలు కుట్టేస్తాను. ఇటు రా."

పిల్ల పకపకా నవ్వింది. తాత రెండు పక్కలా అంగుళం చొప్పున లోపలికి కుట్టు వేశాడు. పొడుగు సాగే వయసు, సన్నబడదా మరి అనుకున్నాడు. నెల తిరిగేసరికి మళ్ళీ జారింది, మళ్ళీ బిగించాడు. మూడోసారి పిల్ల అడక్కముందే ఇంట్లో ఉన్న గౌన్లన్నీ సర్దేశాడు. అద్దం ముందు నిలబెట్టి, "చూసుకో, దొరసానీ!" అన్నాడు.

నాలుగో నెలలో పిల్ల బడిలో కళ్ళు తిరిగి పడిపోయింది.

"ఇంతలా చిక్కిపోతుంటే ఏం చేస్తున్నారమ్మా? బట్టలు వదులవడమైనా చూడలేదా?" అన్నాడు డాక్టరు.

"లేదండీ. అన్నీ సరిగ్గా సరిపోతున్నాయి," అంది కోడలు.

తాత వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పాడు. "మొదటి నెల రెండంగుళాలు. మరుసటి నెల అంగుళమున్నర. ఆ పై నెల మళ్ళీ రెండు."

డాక్టరు రాసుకున్నాడు. "మొదటి నెలే తెచ్చుంటే నయమయ్యేది," అన్నాడు కాగితం మీంచి తలెత్తకుండా.

పదకొండు రోజులు కోడలు అతనితో మాట్లాడలేదు. పన్నెండో రోజు పిల్ల ఆసుపత్రి మంచం మీంచి పిలిచింది. "తాతయ్యా, రేపు మా క్లాసువాళ్ళు వస్తున్నారు. నీలం గౌను కొంచెం బిగించి పెట్టవూ?"

తాత చేత్తోనే కొలిచాడు. వీపు ఎముకలు వేళ్ళకి తగిలాయి.

"ఎంత తగ్గాను?"

"నువ్వెక్కడ తగ్గావు తల్లీ, గుడ్డే సాగింది."

తలుపు దగ్గరున్న కోడలు విన్నది. "అబద్ధం కూడా అతుకు కనబడకుండా కుడతారు మామయ్యా మీరు," అంది.

తాత కిటికీ దగ్గర కూర్చుని కుట్టాడు. మర్నాడు పిల్లలొచ్చి, "ఎంత బాగుందే నీ గౌను!" అన్నారు. నెల తిరక్కుండా పిల్ల పోయింది.

ఆ తర్వాత అతను ఆరేళ్ళు బతికాడు. కోడలు వేళకి అన్నం పెట్టింది, జ్వరమొస్తే మందు తెచ్చింది. తన బట్ట చిరిగితే మాత్రం అతని ఎదురుగానే కూర్చుని, కుట్టు తెలియని చేతులతో వంకరటింకరగా కుట్టుకునేది. ఒకసారి చూడలేక చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వమ్మా."

ఆమె పళ్ళతో దారం తెంపుకుని లేచిపోయింది.